సోమవారం పది గంటల కూత: బ్రాడ్‌మూర్ హెచ్చరిక సైరన్లు - స్థానిక స్మృతి

వ్యాససంగ్రహం

ఇంగ్లండులోని బార్క్‌షైర్ ప్రాంతంలో క్రోథార్న్ అనే గ్రామం ఉంది. దాని పక్కనే బ్రాడ్‌మూర్ అనే అత్యధిక భద్రత గల మానసిక చికిత్సాలయం ఉంది. 1952లో అక్కడి నుంచి ఒక రోగి తప్పించుకుని పోయి ఒక బాలికను హత్య చేశాడు. ఆ తర్వాత చుట్టుపక్కల ఊళ్లలో హెచ్చరిక సైరన్లను నెలకొల్పారు. ప్రతి సోమవారం ఉదయం పది గంటలకు వాటిని పరీక్షించేవారు. 2018లో ఆ వ్యవస్థను విరమించారు. ఈ సైరన్లు ఒక భద్రతా సాధనంగా ఎలా మొదలయ్యాయి, కాలక్రమంలో స్థానికుల సామూహిక స్మృతిలో ఎలా భాగమయ్యాయి, ఆ స్మృతి ఎవరిని కాపాడింది, ఎవరికి మచ్చ తెచ్చింది అనే అంశాలను ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: హెచ్చరిక ధ్వని, సామూహిక స్మృతి, స్థానిక చరిత్ర, మానసిక చికిత్సాలయం, సామాజిక కళంకం, బ్రాడ్‌మూర్.

1. ఉపోద్ఘాతం

స్థానిక చరిత్రను రాసేవారు సాధారణంగా కంటికి కనిపించే ఆధారాల వైపు చూస్తారు. శాసనాలు, కోటలు, గుడులు, దస్త్రాలు, ఛాయాచిత్రాలు వారి ప్రధాన సామగ్రి. చెవికి వినిపించే ఆధారం పుట్టిన క్షణంలోనే గాలిలో కలిసిపోతుంది. అయినా ఒక ఊరి ప్రజలు తమ బాల్యాన్ని తలచుకున్నప్పుడు రైలు కూత, గుడి గంట, మిల్లు సైరను ముందుగా జ్ఞాపకం వస్తాయి. చూసిన దృశ్యం మసకబారినా, విన్న ధ్వని చాలాకాలం నిలిచి ఉండటం లోకానుభవం.

బ్రాడ్‌మూర్ సైరన్లు ఈ విషయానికి చక్కని ఉదాహరణ. అవి ఆరు దశాబ్దాలకు పైగా పనిచేశాయి. వారానికి ఒక పరీక్ష చొప్పున లెక్కిస్తే, ఆ కాలంలో అవి మోగిన సందర్భాలు మూడు వేలు దాటుతాయి. వాటిలో నిజమైన ప్రమాదాన్ని సూచించినవి అతి స్వల్పం. అంటే ఆ ప్రాంత ప్రజలు తమ జీవితకాలంలో విన్నది దాదాపు అంతా పరీక్షే. ప్రమాదం లేదని తెలిసి కూడా వేలసార్లు విన్న ఒక ప్రమాద సంకేతం, వినేవారి మనసులో ఏ అర్థాన్ని సంతరించుకుంటుంది? ఈ వ్యాసానికి ఆధారమైన ప్రశ్న ఇదే.

2. సైద్ధాంతిక నేపథ్యం

స్మృతి వ్యక్తిగతమైనదిగా కనిపించినా దానికి సామాజికమైన చట్రం ఉంటుందని ఫ్రెంచి సామాజికశాస్త్రవేత్త మారిస్ హాల్బ్‌వాక్స్ 1925లో ప్రతిపాదించాడు. ఆయన అభిప్రాయం ప్రకారం కుటుంబం, మతం, వర్గం వంటి సమూహాలు మనిషికి ఏది గుర్తుంచుకోవాలో, ఎలా గుర్తుంచుకోవాలో నేర్పుతాయి. ప్యేర్ నోరా సంపాదకత్వంలో 1984-1992 మధ్య వెలువడిన సంపుటాలు ‘స్మృతి స్థానాలు’ అనే భావనను ప్రచారంలోకి తెచ్చాయి. జీవంతో ఉన్న జ్ఞాపకం పలచబడినప్పుడు సమాజం దానిని ఒక స్థలానికో, వస్తువుకో, ఆచారానికో అప్పగిస్తుందని ఈ భావన సారాంశం.

ధ్వని విషయంలో ఇద్దరు పండితుల కృషి ప్రత్యేకంగా పేర్కొనదగింది. కెనడా సంగీతకర్త ఆర్. ముర్రే షేఫర్ 1977లో వెలువరించిన గ్రంథంలో ఒక ప్రాంతానికి భూదృశ్యం ఉన్నట్లే ధ్వనిదృశ్యం కూడా ఉంటుందని వివరించాడు. ఒక సమాజం ప్రత్యేకంగా గుర్తించి తనదిగా భావించే ధ్వనిని ఆయన ‘ధ్వనిచిహ్నం’ అన్నాడు. చరిత్రకారుడు అలాన్ కోర్బాన్ 1994లో పందొమ్మిదో శతాబ్దపు ఫ్రెంచి గ్రామాల గంటలపై పుస్తకం రాశాడు. గంట వినిపించే మేరే ఊరి హద్దుగా భావించబడేదని, గంటను ఎవరు, ఎప్పుడు మోగించాలన్న విషయం మీద తీవ్రమైన తగాదాలు జరిగేవని అందులో నిరూపించాడు. ఈ భావనల వెలుగులో చూస్తే సైరను ఒక యంత్రం మాత్రమే కాదు, తనను వినేవారందరినీ ఒక సమూహంగా కూర్చే సాధనం కూడా.

3. బ్రాడ్‌మూర్: చట్టం నుంచి గోడ వరకు

1800లో జేమ్స్ హాడ్‌ఫీల్డ్ అనే మాజీ సైనికుడు లండన్‌లోని డ్రూరీ లేన్ నాటకశాలలో మూడవ జార్జి రాజుపై తుపాకి కాల్చాడు. మతిస్థిమితం లేనివాడన్న కారణంతో న్యాయస్థానం అతడిని నిర్దోషిగా తేల్చింది. అయితే అటువంటి వ్యక్తిని విడిచిపెట్టడమెలా అన్న సమస్య ఎదురైంది. నిరవధికంగా నిర్బంధంలో ఉంచేందుకు వీలు కల్పిస్తూ ఆ ఏడాదే పార్లమెంటు చట్టం చేసింది. అలాంటివారికి మొదట లండన్‌లోని బెత్లెమ్ ఆసుపత్రిలో చోటిచ్చారు. అది చాలకపోవడంతో 1860లో మరో చట్టం వచ్చింది. దాని ఫలితంగా క్రోథార్న్ సమీపంలోని పైన్ అడవులు, పొదల బీళ్ల నడుమ ఎత్తైన నేలపై బ్రాడ్‌మూర్ వెలసింది. జైళ్ల నిర్మాణంలో ఆరితేరిన సైనిక ఇంజనీరు జాషువా జెబ్ దానికి రూపకల్పన చేశాడు. 1863 మే నెలలో మొదటగా మహిళా రోగులు, మరుసటి ఏడాది పురుష రోగులు చేరారు.

ఆ తొలినాటి రోగులలో డానియల్ మెక్‌నాటెన్ ఒకడు. 1843లో అతడు బ్రిటిష్ ప్రధానమంత్రి కార్యదర్శిని కాల్చి చంపాడు. ఆ కేసు తర్వాత న్యాయమూర్తులు రూపొందించిన సూత్రాలు ‘మెక్‌నాటెన్ నియమాలు’గా ప్రసిద్ధికెక్కాయి. చేస్తున్న పని స్వభావాన్ని గాని, అది తప్పు అన్న సంగతిని గాని తెలుసుకోలేని స్థితిలో ఉన్నవాడిని నేరస్థుడిగా పరిగణించరాదని వాటి సారాంశం. ఈ సూత్రాల ఛాయ 1860 నాటి భారత శిక్షాస్మృతిలోని 84వ సెక్షనులో స్పష్టంగా కనిపిస్తుంది. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అదే సూత్రం 22వ సెక్షనుగా కొనసాగుతున్నది. తెలుగు నేలపై న్యాయస్థానాలలో మానసిక అస్వస్థతను కారణంగా చూపే ప్రతి వాదమూ ఈ విధంగా బ్రాడ్‌మూర్ తొలి తరం రోగులలో ఒకడి కేసుతో ముడిపడి ఉంది.

ఆ గోడల మధ్య బతికినవారిలో చిత్రకారుడు రిచర్డ్ డాడ్ ఉన్నాడు. అమెరికా సైన్యంలో వైద్యుడిగా పనిచేసిన డబ్ల్యు. సి. మైనర్ కూడా అక్కడే దశాబ్దాలు గడిపాడు. ఆక్స్‌ఫర్డ్ ఆంగ్ల నిఘంటువు కోసం ప్రయోగోదాహరణలను వేల సంఖ్యలో సేకరించి పంపినవాడు ఆయనే. అయినా బయటి ప్రపంచానికి బ్రాడ్‌మూర్ అంటే చిత్రకారుడూ కాడు, నిఘంటువూ కాదు. 1952 తర్వాత ఆ పేరుకు ఒకే అర్థం బలపడింది.

4. 1952 ఏప్రిల్ 29

1951 వేసవిలో బాత్ నగరంలో ఇద్దరు బాలికలు హత్యకు గురయ్యారు. నిందితుడు జాన్ స్ట్రాఫెన్ విచారణను ఎదుర్కోగల మానసిక స్థితిలో లేడని తేలడంతో అతడిని బ్రాడ్‌మూర్‌కు పంపారు. 1952 ఏప్రిల్ 29న ఆవరణ శుభ్రం చేసే పనిలో ఉన్న అతడు ఒక పాక కప్పు మీదుగా ఎక్కి ప్రహరీ గోడ దాటాడు. కొద్ది గంటలలోనే పట్టుబడ్డాడు. కాని ఆలోపే కొన్ని మైళ్ల దూరంలోని ఫార్లీ హిల్ గ్రామంలో సైకిలు తొక్కుకుంటున్న ఐదేళ్ల బాలికను చంపాడు. ఆమె మృతదేహం మరునాడు దొరికింది.

ఈసారి న్యాయస్థానం అతడిని విచారణకు అర్హుడిగానే పరిగణించింది. ఆ ఏడాది జూలైలో వించెస్టరులో జరిగిన విచారణలో జ్యూరీ దోషిగా నిర్ణయించింది. విధించిన మరణశిక్షను హోంమంత్రి నిలిపివేశాడు. 2007లో మరణించేవరకు అతడు కారాగారంలోనే గడిపాడు. ఒకే వ్యక్తిని మొదటి ఏడాది విచారణకు తగనివాడుగా, రెండవ ఏడాది శిక్షార్హుడుగా చట్టం చూడటం న్యాయశాస్త్రంలో చర్చనీయమైన అంశం. స్థానికులకు మాత్రం అంతకంటే సూటిగా తగిలిన ప్రశ్న మరొకటి ఉంది. గోడ దాటిన సంగతి లోపలివారికి తెలిసిన క్షణంలోనే బయటివారికి ఎందుకు తెలియలేదు? తెలిసి ఉంటే ఒక తల్లి తన బిడ్డను వాకిట్లోకి పంపేదా? సైరన్ల వ్యవస్థ ఈ ప్రశ్నకు సమాధానంగా పుట్టింది.

5. వ్యవస్థ స్వరూపం, పనితీరు

కొత్త వ్యవస్థకు నమూనా ఎక్కడా వెతకనవసరం లేకపోయింది. రెండవ ప్రపంచయుద్ధం ముగిసి అప్పటికి ఏడేళ్లే. వైమానిక దాడుల సైరను బ్రిటిష్ ప్రజలందరి చెవులలో ఇంకా మోగుతూనే ఉంది. హెచ్చుతగ్గులతో సాగే కూత ప్రమాదానికి, ఒకే స్థాయిలో సాగే కూత ప్రమాదం తొలగిందనడానికి గుర్తులని అందరికీ తెలుసు. బ్రాడ్‌మూర్ సైరన్లు ఆ యంత్రాల ఆధారంగానే రూపొందాయి. మొత్తం పదమూడు సైరన్లను చుట్టుపక్కల అమర్చారు. శాండ్‌హర్స్ట్ పాఠశాల, వెలింగ్టన్ కాలేజీ, బ్రాక్‌నెల్ పురపాలక డిపో వంటి చోట్ల అవి ఉండేవి. శాండ్‌హర్స్ట్, వోకింగమ్, బ్రాక్‌నెల్ ఊళ్లతో పాటు పొరుగున ఉన్న సర్రే ప్రాంతంలోని కాంబర్లీ, బాగ్‌షాట్ వరకు వాటి పరిధి విస్తరించింది.

ఇటువంటి సైరను పనితీరు సరళమైనది. విద్యుత్ మోటారుతో తిరిగే చక్రానికి వరుసగా రంధ్రాలుంటాయి. చక్రం తిరిగినకొద్దీ గాలి ఆ రంధ్రాల గుండా తెగి తెగి బయటకు వస్తుంది. సెకనుకు ఎన్నిసార్లు తెగితే అంత పౌనఃపున్యం గల స్వరం పుడుతుంది. సెకనుకు 48 చుట్లు తిరిగే చక్రానికి పది రంధ్రాలుంటే 480 హెర్ట్‌జ్, పన్నెండు ఉంటే 576 హెర్ట్‌జ్ స్వరం వస్తుంది. యుద్ధకాలపు బ్రిటిష్ సైరన్లలో ఈ పది, పన్నెండు రంధ్రాల జత సాధారణం. ఆ రెండు స్వరాల నిష్పత్తి 5:6. కర్ణాటక సంగీత పరిభాషలో చెప్పాలంటే అది షడ్జానికి, సాధారణ గాంధారానికి మధ్య ఉండే అంతరం. సంగీతంలో కరుణను పలికించగల ఈ అంతరమే సైరనులో గుండె జారేలా వినిపించడం గమనార్హం. ధ్వనికి అర్థం స్వరంలో కంటే సందర్భంలోనే ఎక్కువగా ఉంటుందనడానికి ఇది నిదర్శనం. యుద్ధ కాలంలోనే దీనికి మరో ఉదాహరణ ఉంది. 1940లో బ్రిటన్ ప్రభుత్వం చర్చి గంటలను సాధారణ సమయాలలో మోగించకుండా నిషేధించి, శత్రుదళాల దండయాత్రకు సంకేతంగా కేటాయించింది. అప్పటివరకు ప్రార్థనకు పిలిచిన గంట ఒక్క ఉత్తర్వుతో భయ సంకేతంగా మారింది.

బ్రాడ్‌మూర్ వ్యవస్థలో రెండు స్వరాల కూత రోగి తప్పించుకున్నాడనడానికి గుర్తు. ఒకే స్వరం ప్రమాదం తొలగిందనడానికి గుర్తు. ప్రతి సోమవారం ఉదయం పది గంటలకు మొదటి కూత రెండు నిమిషాలు, ఆపైన రెండవ కూత రెండు నిమిషాలు మోగేవి. ఆ ప్రాంతపు పాఠశాలలు నిజంగా హెచ్చరిక వినిపించినప్పుడు పాటించవలసిన పద్ధతిని ముందే సిద్ధం చేసుకోవలసి ఉండేది. ఏ ఒక్క పిల్లవాడూ ఉపాధ్యాయుల కనుసన్నల నుంచి తప్పిపోకూడదన్నది దాని ముఖ్య నియమం. వ్యవస్థ మొత్తానికి మూలమైన మరణం ఒక చిన్నారిది కావడం వల్ల, దాని నియమాలన్నిటికీ పిల్లల రక్షణే కేంద్రమైంది.

6. స్థానిక స్మృతిలో సైరను

6.1 గడియారంగా: నిర్ణీత సమయానికి మోగే ఏ ధ్వని అయినా మొదట కాలసూచికగా మారుతుంది. సోమవారం పది గంటల కూతతో గడియారం సరిచేసుకోవడం, బడిలో పాఠం ఒక్క క్షణం ఆగడం, ఇంట్లో పనులు దానికి అనుగుణంగా సాగడం ఆ ప్రాంతపు జ్ఞాపకాలలో తరచుగా వినిపించే విషయాలు. ఇది సైరను రూపకర్తలు ఉద్దేశించిన ప్రయోజనం కాదు. అయినా భయానికి నిర్ణీత వేళను కేటాయించడం వల్ల మిగతా వారమంతా భయం నుంచి విముక్తి లభించింది. ‘నాన్నా పులి’ కథలో పిల్లవాడు ఎప్పుడు పడితే అప్పుడు అరవడం వల్ల అతడి మాటకు విలువ పోయింది. బ్రాడ్‌మూర్ సైరను సోమవారం పదికి తప్ప మోగేది కాదు గనుక, మరో వేళలో మోగితే అది నిజమేనన్న నమ్మకం చెడలేదు. సంకేతాన్ని అలవాటు చేస్తూనే దాని విలువను కాపాడటంలో ఈ ఏర్పాటు విజయం సాధించింది.

6.2 హాస్యంగా: ఆ ప్రాంతంలో ఒక ఛలోక్తి బాగా ప్రచారంలో ఉండేది. బ్రాడ్‌మూర్ నుంచి పారిపోదలచినవాడు సోమవారం పది గంటలకే పారిపోవాలి, ఎవరూ పట్టించుకోరు అన్నది దాని సారం. భయాన్ని హాస్యంతో లొంగదీసుకోవడం జానపద విజ్ఞానంలో అందరూ గుర్తించిన ప్రక్రియ. అయితే ఈ ఛలోక్తిలో హాస్యంతో పాటు విమర్శ కూడా ఉంది. పరీక్షకూ నిజానికీ ధ్వనిలో తేడా లేనప్పుడు, తేడాను తెలిపేది గడియారం ఒక్కటే. సాంకేతిక వ్యవస్థలోని ఈ లోపాన్ని నిపుణుల నివేదికలకంటే క్లుప్తంగా పట్టి చూపిన ఘనత ఆ అజ్ఞాత చమత్కారులదే.

6.3 గుర్తింపుగా: ఊరు వదిలి వెళ్లినవారికి ఆ కూత సొంత ఊరి చిహ్నమైంది. కొత్తగా వచ్చినవారు సోమవారం ఉదయం ఉలిక్కిపడటం, పాతవారు నవ్వి వివరించడం ఒక పరిచయ తంతుగా మారింది. విని ఉలిక్కిపడనివాడు ఊరివాడు. కోర్బాన్ వర్ణించిన గంటల మాదిరిగానే సైరను కూడా వినిపించినంత మేర ఒక అదృశ్య సరిహద్దును గీసింది. ఆసుపత్రిలో పనిచేసే కుటుంబాలు ఎందరివో ఆ ఊళ్లలోనే నివసించేవి గనుక, భయపెట్టే గోడ చాలామందికి జీతమిచ్చే చోటు కూడా. ఈ రెండు భావాలూ ఒకే కూతలో కలిసి వినిపించేవి.

ఇక్కడ ఒక అంశాన్ని ప్రత్యేకంగా గుర్తించాలి. గడియారమూ ఛలోక్తీ ఊరి చిహ్నమూ అయ్యే క్రమంలో సైరను తన పుట్టుకకు కారణమైన బాలికకు క్రమక్రమంగా దూరమైంది. అది ప్రతివారం ఆమె మరణాన్ని స్మరించింది. కాని వినేవారిలో ఎందరికి ఆమె కథ తెలుసు? జ్ఞాపకాన్ని ఒక ఆచారానికి అప్పగించిన తర్వాత, ఆచారం నిలిచి జ్ఞాపకం జారిపోవచ్చు. నోరా చెప్పిన స్మృతి స్థానాలకు అంతర్గతంగా ఉన్న ప్రమాదం ఇదే.

7. గోడ లోపలి శ్రోతలు

సైరన్లపై జరిగే చర్చలో సాధారణంగా బయటి శ్రోతలే కనిపిస్తారు. కాని ధ్వనికి గోడ అడ్డం కాదు. ఆ కూత సమీపంలో నివసించే రోగులు కూడా ప్రతివారం వినవలసిన కూతే. బయటివారికి అది ‘మీరు క్షేమం’ అని చెప్పింది. లోపలివారికి అదే ధ్వని ‘మీరే ప్రమాదం’ అని చెప్పింది.

బ్రాడ్‌మూర్ చట్టరీత్యా కారాగారం కాదు, ఆసుపత్రి. 1940ల చివరలో అది హోంశాఖ నుంచి ఆరోగ్య వ్యవస్థ పరిధిలోకి మారింది. 1959 మానసిక ఆరోగ్య చట్టం దానిని ‘ప్రత్యేక ఆసుపత్రి’గా పేర్కొంది. అక్కడివారిని ఖైదీలు అనకుండా రోగులు అనడం ఆ మార్పు ఫలితం. పేరు మారినా ధ్వని మారలేదు. ఆసుపత్రి చుట్టూ యుద్ధకాలపు సైరను మోగుతున్నంతకాలం లోపల ఉన్నవారు శత్రువులన్న భావన ప్రజల చెవిలో నిలిచే ఉంటుంది. సామాజికశాస్త్రంలో కళంకం అని వ్యవహరించేది ఇలా మాటల ద్వారానే కాక ధ్వని ద్వారా కూడా వ్యాపిస్తుంది.

అయితే ఈ వాదాన్ని ఒకవైపే లాగడం న్యాయం కాదు. 1952 తర్వాత కూడా 1981, 1991 వంటి సంవత్సరాలలో బ్రాడ్‌మూర్ నుంచి రోగులు తప్పించుకున్నారు. స్కాట్లండులోని కార్‌స్టేర్స్ భద్రతా ఆసుపత్రి నుంచి 1976 నవంబరు 30న ఇద్దరు రోగులు తప్పించుకునే క్రమంలో ముగ్గురు ప్రాణాలు కోల్పోయారు. ఆ ప్రాంతంలో కూడా సైరన్లు వెలిశాయి. స్థానికుల భయం కల్పితం కాదు. రోగి గౌరవం, పొరుగువారి క్షేమం అనే రెండు న్యాయమైన కోరికలు ఒకే ధ్వనిలో ఢీకొన్నాయి.

8. నిశ్శబ్దం వైపు

1999లో ఆష్‌వర్త్ ఆసుపత్రిపై వెలువడిన విచారణ నివేదిక తర్వాత, ఇంగ్లండులోని బ్రాడ్‌మూర్, రాంప్టన్, ఆష్‌వర్త్ అనే మూడు అత్యధిక భద్రత గల ఆసుపత్రులలోనూ భద్రతను సమీక్షించి, ఉమ్మడి ప్రమాణాలను ఏర్పరిచారు. 2003లో ఒక అధికారిక సంస్థ బ్రాడ్‌మూర్ పాత భవనాలు వినియోగానికి తగవని ప్రకటించింది. క్రమంగా కొత్త ఆసుపత్రి నిర్మాణం జరిగి, 2019 డిసెంబరులో ప్రారంభమైంది. ఆ మార్పులలో భాగంగానే 2018లో సైరన్లకు వీడ్కోలు పలికారు.

విరమణకు అనుకూలమైన వాదన ఇది: పాత యంత్రాల నిర్వహణ కష్టం. చుట్టుకంచె, పర్యవేక్షణ మెరుగైనందువల్ల తప్పించుకునే అవకాశం బాగా తగ్గింది. అవసరమైతే పోలీసులు, స్థానిక వార్తా మాధ్యమాలు, సామాజిక మాధ్యమాలు, ఫోను సందేశాల ద్వారా సమాచారం చేరవేయవచ్చు. సైరను ‘ఏదో జరిగింది’ అని మాత్రమే చెబుతుంది. సందేశం ఏం జరిగిందో, ఏం చేయాలో కూడా చెప్పగలదు.

ప్రతికూల వాదన కూడా అంతే బలమైనది. ఫోను లేని ముసలివారికి, మైదానంలో ఆడుకునే పిల్లలకు, నిద్రలో ఉన్నవారికి సందేశం చేరుతుందా? సందేశం చేరాలంటే వినేవాడు ముందుగా ఎక్కడో నమోదు కావాలి, ఫోను దగ్గర ఉండాలి, దానిని చూడాలి. సైరను ఎవరి అనుమతీ అడగదు, ఎవరినీ వదిలిపెట్టదు. పేద, ధనిక, పాత, కొత్త తేడా లేకుండా ఒకే క్షణంలో అందరికీ చేరే సమాచార సాధనం అది. దాని తొలగింపుతో ఊరుమ్మడి హెచ్చరిక వ్యక్తిగత హెచ్చరికగా విడిపోయింది. స్థానికులలో కొందరు వ్యక్తం చేసిన ఆందోళన మూలం ఇక్కడే ఉంది. అది యంత్రంపై మమకారం మాత్రమే కాదు, ‘మనకు చెబుతారు’ అన్న పాత ఒప్పందం చెదిరిపోతుందన్న భయం. 1952లో ఊరివారి గాయం గోడ బలహీనమవడం వల్ల మాత్రమే కలగలేదు, తమకు చెప్పకపోవడం వల్ల కూడా కలిగింది. సైరను చెబుతామన్న వాగ్దానానికి వినిపించే రూపం. ప్రతి సోమవారం ఆసుపత్రి ఆ వాగ్దానాన్ని ఊరి ముందు పునరుద్ఘాటించింది.

9. తెలుగు పరిశోధనకు ప్రాసంగికత

ఈ ఉదంతం తెలుగు పరిశోధకులకు రెండు విధాలుగా ఉపకరిస్తుంది. మొదటిది ధ్వని చరిత్ర. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం, కాకినాడలపై బాంబులు వేశాయి. యుద్ధకాలపు సైరను తెలుగు తీరవాసుల జ్ఞాపకాలలోనూ భాగమే. సింగరేణి గనుల ప్రాంతాలలో షిఫ్టుల కూత, వరంగల్లు ఆజంజాహి మిల్లు సైరను తరాల జీవితాలకు కాలమానాలయ్యాయి. వీటిని విన్నవారి మౌఖిక కథనాలను సేకరించవలసిన తరుణం మించిపోతున్నది. హెచ్చరిక ధ్వని మోగకపోవడం కూడా చరిత్రే. 2020 మే 7 వేకువజామున విశాఖపట్నం సమీపంలోని ఆర్.ఆర్. వెంకటాపురం వద్ద రసాయన కర్మాగారం నుంచి విషవాయువు వెలువడి ప్రాణనష్టం జరిగినప్పుడు, సైరను ఏర్పాటు ఉన్నా మోగించలేదని రాష్ట్ర ప్రభుత్వం నియమించిన ఉన్నతస్థాయి సంఘం ఎత్తిచూపింది. చెప్పవలసిన వేళ చెప్పకపోవడం అనే 1952 నాటి గాయానికి ఇది దగ్గరి పోలిక.

రెండవది కళంక చరిత్ర. క్రోథార్న్ ప్రాంతంలో ‘బ్రాడ్‌మూర్’ ఎలా బెదిరింపు మాట అయిందో, హైదరాబాదు వాడుకలో ‘ఎర్రగడ్డ’ అలాగే ఎగతాళి మాట అయింది. ఒక పేటలో మానసిక చికిత్సాలయం ఉన్నందువల్ల ఆ పేట పేరే తిట్టుగా మారింది. ఇక్కడ సైరను లేదు, మాట ఒక్కటే ఆ పని చేసింది. సినిమా సంభాషణలలో, తరగతి గదులలో, ఇళ్లలో అలవోకగా దొర్లే ఈ మాట, చికిత్స అవసరమైనవారిని ఆసుపత్రి గడప తొక్కనివ్వకుండా ఎలా ఆపుతున్నదో పరిశీలించదగిన విషయం. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగికి గౌరవంగా జీవించే హక్కును ప్రసాదించింది. కాని చట్టం మార్చినంత వేగంగా వాడుక మాట మారదు.

10. ముగింపు

పై వివరణ ఆధారంగా ఈ కింది విషయాలను నిర్ధారించవచ్చు.

• బ్రాడ్‌మూర్ సైరన్లు కేవలం భద్రతా పరికరాలు కావు. సకాలంలో చెప్పకపోవడం వల్ల జరిగిన ఒక విషాదానికి ప్రతిగా, ఇకపై చెబుతామని సంస్థ ఊరికి ఇచ్చిన వాగ్దానానికి అవి ధ్వనిరూపం.

• నిర్ణీత వేళకు జరిగిన పరీక్ష ఆ ధ్వనిని గడియారంగా, హాస్యంగా, ఊరి గుర్తింపుగా మార్చింది. ఈ మార్పు సంకేతం విలువను చెరపలేదు గాని, దాని పుట్టుకకు కారణమైన బాలిక జ్ఞాపకాన్ని మరుగుపరిచింది.

• అదే ధ్వని గోడ లోపలివారిని ప్రతివారం ప్రమాదకారులుగా ప్రకటించింది. రక్షణ సాధనమే కళంక సాధనం కూడా కావచ్చు.

• వ్యక్తిగత సందేశాలు సైరను కంటే ఎక్కువ సమాచారాన్ని అందించగలవు గాని, అందరికీ ఒకేసారి చేరే గుణంలో దానికి సాటిరావు. హెచ్చరిక వ్యవస్థలను మార్చేటప్పుడు ఈ తేడాను లెక్కలోకి తీసుకోవాలి.

• తెలుగు ప్రాంతాలలోని మిల్లు కూతలు, గని సైరన్లు, యుద్ధకాలపు హెచ్చరికల జ్ఞాపకాలు స్థానిక చరిత్రకు విలువైన మౌఖిక ఆధారాలు. వాటిని విన్న తరం ఉండగానే నమోదు చేయడం అవసరం.

సైరన్లు ఆగిపోయాయి. ఆసుపత్రి ఉంది, రోగులున్నారు, ఊళ్లున్నాయి. ఊరిని అప్రమత్తం చేస్తూనే రోగిని అవమానించని హెచ్చరిక ఎలా ఉండాలన్న ప్రశ్న మాత్రం ఆ కూతతో పాటు ఆగిపోలేదు.